ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది?

అప్‌డేట్ వచ్చిన రాత్రి ఏ ఆన్‌లైన్ గేమ్ కమ్యూనిటీలోకి తొంగి చూసినా ఒకటే గోల. ఇష్టమైన తుపాకీ దెబ్బ తగ్గిపోయింది. నెలల తరబడి మొత్తుకుంటున్న బగ్ అలాగే ఉంది. ఎవరూ అడగని స్కిన్‌లు, అంటే పాత్రలకూ తుపాకులకూ తొడిగే కొత్త రూపాలు, మాత్రం అరడజను దిగాయి. "వీళ్లు అసలు వాళ్ల గేమ్ వాళ్లు ఆడతారా?" అని ఒకరు. "ఏం చేస్తున్నారో ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది?" అని ఇంకొకరు.

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. ఆడతారు, కొందరైతే మనకంటే పిచ్చిగా ఆడతారు. రెండోదే చిక్కు ప్రశ్న. ఆ ఒక్క మాట చెప్పి మునిగినవాళ్లూ ఉన్నారు, చెప్పక మునిగినవాళ్లూ ఉన్నారు మరి.

ముందు, మాట్లాడేది ఎవరో చూద్దాం. "డెవ్స్ (గేమ్ తయారుచేసేవాళ్లు) చెప్పారు" అంటాం గానీ, మనతో మాట్లాడే మనిషి చాలావరకు ఆ నిర్ణయం తీసుకున్న మనిషి కాదు. ఆయనో ఆమో కమ్యూనిటీ మేనేజర్. రెడ్డిట్, డిస్కార్డ్ లాంటి చర్చావేదికలు, గేమ్‌లు అమ్మే స్టీమ్‌లోని రివ్యూలు రోజంతా చదవడం, జనం కోపం అసలు దేని మీదో తేల్చి డిజైన్ టీమ్‌కు రిపోర్టు ఇవ్వడం, అటు నుంచి వచ్చిన జవాబును అందరికీ అర్థమయ్యే భాషలో రాసి పెట్టడం ఆ ఉద్యోగం. తుపాకీ దెబ్బ ఎంత ఉండాలన్నది డిజైనర్ల పని. స్కిన్ ధర పెట్టేది ఇంకో విభాగం. గేమ్ తయారుచేసే స్టూడియో ఒకటైతే, పెట్టుబడి పెట్టి అమ్మే పబ్లిషర్ చాలాసార్లు వేరే కంపెనీ. వాళ్లందరి నెత్తిన కన్సోల్ కంపెనీల నియమాలు, యాప్ స్టోర్ల నియమాలు. ఇంతమంది నిర్ణయాలకు తిట్లు తినేది మాత్రం ఏ నిర్ణయమూ తన చేతిలో లేని ఒక్క మనిషి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

ఈ ఏర్పాటు ఎలా బెడిసికొడుతుందో 2024 మేలో హెల్‌డైవర్స్ 2 విషయంలో అందరూ చూశారు. గేమ్ చేసింది స్వీడన్ స్టూడియో యారోహెడ్, పబ్లిషర్ సోనీ. ఫిబ్రవరిలో విడుదలై వాళ్లే ఊహించనంత పెద్ద హిట్టయింది. మే 3న ఒక ప్రకటన వచ్చింది: పీసీలో ఆడేవాళ్లు కూడా ఇకమీదట సోనీవారి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంటు కలపాల్సిందే అని. ఆ నెట్‌వర్క్ సేవలే లేని దేశాలు చాలా ఉన్నాయి. అక్కడివాళ్లు అప్పటికే డబ్బు పెట్టి కొనుక్కుని ఆడుతున్నారు. రెండు మూడు రోజుల్లో స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి. ఆ వారాంతం గడిచేసరికి సోనీ వెనక్కి తగ్గింది.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, ఆ నిబంధన స్టోర్ పేజీలో ముందునుంచీ రాసే ఉంది. విడుదలప్పుడు సర్వర్లు తట్టుకోలేక సతమతమవుతుంటే, జనం ఆడుకోగలిగితే చాలని దాన్ని తాత్కాలికంగా పక్కనపెట్టారు. అది తాత్కాలికమే అన్న సంగతి ఆటగాళ్లకు ఎక్కేలా చెప్పలేదు. అందులో తన బాధ్యత కూడా ఉందని అప్పటి స్టూడియో అధిపతి యోహాన్ పిలెస్టెడ్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. రాసి ఉంచడం వేరు, చెప్పడం వేరు. చట్టపరంగా మొదటిది సరిపోతుందేమో, మనుషులకు సరిపోదు.

ఇక ఆలస్యం సంగతి. "బగ్ గురించి చెప్పి మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు" అనే ఫిర్యాదు నేనూ చాలాసార్లు చేశాను. లోపల ఏం జరుగుతుందో తెలిశాక కోపం సగం తగ్గింది, సగం అలాగే ఉంది. గేమ్‌లో కొన్ని విషయాలు సర్వర్‌లోనే ఉంటాయి. తుపాకీ దెబ్బ, లూట్ (ఆడుతుంటే దొరికే వస్తువులు) పడే అవకాశం లాంటి అంకెలు చాలా గేమ్‌లలో అక్కడివే. వాటిని కావాలనుకుంటే అదే రోజు మార్చేయొచ్చు, దాన్నే హాట్‌ఫిక్స్ అంటారు. కానీ మన ఫోన్‌లోనో కన్సోల్‌లోనో ఉన్న భాగాన్ని మార్చాలంటే కొత్త వెర్షన్ తయారుచేయాలి, పరీక్షించాలి, కన్సోల్ కంపెనీల తనిఖీకో యాప్ స్టోర్ సమీక్షకో పంపాలి, అన్ని చోట్లా ఒకేసారి దించాలి. అందుకే ఈరోజు మన చేతికొచ్చిన ప్యాచ్ (సవరణల మూట) తలుపులు ఎప్పుడో మూసేసి ఉంటాయి. నిన్న మనం చెప్పిన మాట దానిలోకి వెళ్లే దారే లేదు. మనం తిడుతున్న వెర్షన్ వాళ్లకు పాతబడి కూడా ఉంటుంది. వాళ్లు దాని తర్వాతిదో, ఆ తర్వాతిదో చేస్తుంటారు.

అయితే ఆ ముక్కే చెప్పొచ్చుగా? "మీ బగ్ సరిచేశాం, రెండు ప్యాచ్‌ల తర్వాత వస్తుంది" అని? చెప్పరు. పరీక్షల్లో ఆ సవరణ ఇంకోదాన్ని విరగ్గొట్టి వెనక్కి పోవచ్చు. పైగా కొన్ని బగ్‌ల గురించి నోరు విప్పడమంటే మోసం చేయడం నేర్పడమే. వస్తువులు రెట్టింపయ్యే బగ్ ఉందని ప్రకటిస్తే గంటలో అందరూ అదే పనిమీద ఉంటారు. చీటర్లను పట్టుకునే పద్ధతుల మీద కంపెనీలు మౌనంగా ఉండేదీ ఇందుకే. ఈ రెండు చోట్లా మౌనం సబబే. గొడవంతా మిగతా చోట్ల మౌనంతోనే.

గేమ్ కంపెనీలు నోరు కట్టేసుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. ఇక్కడ చెప్పిన ప్రతి మాటా వాగ్దానమైపోతుంది. ఒక డిజైనర్ ఏదో ఇంటర్వ్యూలో "అది ఉంటే బాగుంటుంది, ఆలోచిస్తున్నాం" అంటాడు. వారానికల్లా అది "త్వరలో వస్తుంది" అవుతుంది, ఆరు నెలలకు "ఇస్తామని మోసం చేశారు" అవుతుంది. బ్లిజర్డ్ అనే కంపెనీ గేమ్‌ల అభిమానులు "సూన్" అనే మాట పక్కన ట్రేడ్‌మార్క్ గుర్తు పెట్టి వెక్కిరించేవాళ్లు. త్వరలో అంటే రేపు కావచ్చు, వచ్చే ఏడాది కావచ్చు, ఎన్నటికీ కాకపోవచ్చు. ఆ జోకు ఎంత పాకిందంటే చివరికి కంపెనీ వాళ్లే వాడుకోవడం మొదలుపెట్టారు.

మాటల అప్పు ఎంత బరువుంటుందో నో మ్యాన్స్ స్కై అనే అంతరిక్ష గేమ్ చెబుతుంది. బ్రిటన్‌లోని హలో గేమ్స్ చాలా చిన్న బృందం. దాని నాయకుడు షాన్ మర్రీ విడుదలకు ముందు దాదాపు మూడేళ్ల పాటు ఇంటర్వ్యూలు ఇస్తూ పోయారు. ఇది ఉంటుందా అంటే ఉంటుందన్నారు. ఇంకో ఆటగాడు ఎదురుపడతాడా అంటే, విశ్వం అంత పెద్దది కాబట్టి అరుదే గానీ అవకాశం ఉందన్నట్టు మాట్లాడారు. 2016 ఆగస్టులో గేమ్ వచ్చిన మొదటి రోజుల్లోనే ఇద్దరు ఆటగాళ్లు కబురు చెప్పుకుని ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరారు. ఒకరికి ఒకరు కనిపించలేదు. కమ్యూనిటీ భగ్గుమంది. స్టోర్ పేజీలోని ప్రకటన మీద ఫిర్యాదులు బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ దాకా వెళ్లాయి. నియమాల ఉల్లంఘన లేదని ఆ సంస్థ తేల్చింది గానీ, ఆటగాళ్ల తీర్పు ఎప్పుడో వచ్చేసింది. ఆ తర్వాత హలో గేమ్స్ దాదాపు పూర్తిగా మౌనంలోకి వెళ్లిపోయింది. వాళ్ల దగ్గరికి మళ్లీ వద్దాం.

మాట మితిమీరడం ఒక తప్పయితే, అంకె దాచడం ఇంకో రకం తప్పు. నా లెక్కలో రెండోదే ఎక్కువ చేటు. ఆన్‌లైన్ ఆటగాళ్లు స్టాప్‌వాచ్, స్ప్రెడ్‌షీట్ పట్టుకుని కూర్చునే జాతి. వాళ్ల దగ్గర ఏ అంకె దాగదు. 2017 నవంబరులో డెస్టినీ 2 ఆటగాళ్లు, ఆడేకొద్దీ వచ్చే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు తెర మీద కనిపిస్తున్నవాటికీ నిజంగా ఖాతాలో పడుతున్న పాయింట్లకూ పొంతన లేదని కనిపెట్టారు. కొన్ని పనులు వెంటవెంటనే చేస్తే గేమ్ గుట్టుగా కోత వేస్తోంది. పరీక్షలు చేసి, లెక్కలు కట్టి, అంకెలు ముందుపెట్టారు. ఆ గేమ్ చేసిన బంగీ కంపెనీ నిజమేనని ఒప్పుకుని ఆ కోత తీసేసింది. బాగానే ఉంది కదా అనుకునేలోపు, లెవెల్ పెరగడానికి కావాల్సిన పాయింట్లు 80,000 నుంచి 1,60,000 అయ్యాయి. ఆ సంగతి ప్రకటనలో లేదు. దాన్నీ ఆటగాళ్లే గంటల్లో పట్టుకున్నారు. కోత కంటే ఈ రెండో దెబ్బే ఎక్కువ మందికి గుర్తుండిపోయింది. క్షమాపణ చెబుతూనే జేబులో చెయ్యి పెట్టినట్టుంది మరి.

ఏమేం మార్చారో చెప్పే ప్యాచ్ నోట్స్ చూడ్డానికి పొడిపొడి జాబితాలే గానీ, కంపెనీకీ ఆటగాళ్లకూ మధ్య అసలు పత్రం అదే. "దెబ్బ 40 నుంచి 35" అని ఊరుకుంటే చదివేవాడికి శిక్షలా ఉంటుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ ప్యాచ్ నోట్స్‌లో అంకెలకు పైన చిన్న పేరా ఉంటుంది: ఈ పాత్ర ఎక్కడ ఎక్కువ గెలుస్తోంది, ఏం తగ్గిస్తున్నాం, ఏది ముట్టుకోవడం లేదు అని. చదివినవాళ్లు ఒప్పుకుంటారని కాదు, తిట్టడం తిట్టడమే. కానీ ఆ తిట్టడం "మీ లెక్క తప్పు" అనే దారిలో పోతుంది. కారణం చెప్పకపోతే "మీరు దొంగలు" అనే దారిలో పోతుంది. మొదటి దారిలో కంపెనీకి పనికొచ్చే మాట ఒకటైనా దొరుకుతుంది.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది: అసలు అరిచేవాళ్లు ఆటగాళ్లందరి తరఫునా అరుస్తున్నారా? కాదు. గేమ్ ఆడేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడా ఏమీ రాయరు. నచ్చితే ఆడతారు, విసుగొస్తే ఇంకో గేమ్‌కు పోతారు. రాసేవాళ్లు ఎక్కువ గంటలు ఆడేవాళ్లు, ఎక్కువ నైపుణ్యం ఉన్నవాళ్లు, ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లు. కాల్ ఆఫ్ డ్యూటీలో ఏళ్లుగా నడుస్తున్న ఒక గొడవ చూడండి. సమాన నైపుణ్యం ఉన్నవాళ్లనే ఒక మ్యాచ్‌లో కలపడం మానండి, ప్రతి ఆటా ఫైనల్‌లా టెన్షన్‌గా ఉంటోంది అని పేరున్న ఆటగాళ్లు, స్ట్రీమర్లు పట్టుబట్టారు. ఆ గేమ్ కంపెనీ యాక్టివిజన్ 2024 మొదట్లో కొంతమంది ఆటగాళ్లకు, వాళ్లకు చెప్పకుండానే, నైపుణ్యానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించి చూసింది. జూలైలో ఫలితాలను ఒక పత్రంగా బయటపెట్టింది: 90 శాతం ఆటగాళ్లలో మళ్లీ ఆటకు తిరిగొచ్చేవాళ్లు తగ్గారు. లాభపడింది పైనున్న పదిమందిలో ఒకరే. అరుపు ఎవరిదో, నష్టం ఎవరికో అక్కడ కనబడింది. ఆ పత్రం ఏళ్ల ముందే ఇచ్చి ఉంటే సగం పుకార్లు పుట్టేవే కావు.

అలాగని డేటాను నమ్ముకుని మాటను కొట్టిపారేస్తే ఏమవుతుందో ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్ కథ చెబుతుంది. దాన్ని చేసిన ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2011 జూన్‌లో పాత్రల అలంకరణ వస్తువులు అమ్మకానికి పెట్టింది. అందులో ఒంటి కంటికి పెట్టుకునే అద్దం ధర అరవై డాలర్ల పైమాటే. నిజంగా ధరించగలిగేది కూడా కాదు, బొమ్మకు పెట్టేది. అదే సమయంలో దురాశ మంచిదేనా అన్న శీర్షికతో కంపెనీ లోపలి పత్రిక ఒకటి లీకైంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇలాంటప్పుడు ఆటగాళ్లు ఏమంటున్నారో కాదు ఏం చేస్తున్నారో చూడాలి అని అధిపతి ఉద్యోగులకు రాసిన ఈమెయిల్ కూడా బయటికొచ్చింది. ఆటగాళ్లు ఆ మాటను అక్షరాలా తీసుకున్నారు. గేమ్‌లో అందరూ వచ్చిపోయే జీటా అనే వ్యాపార కేంద్రంలో ఓడలేసుకుని గుంపులుగా చేరి, అక్కడున్న విగ్రహం మీద కాల్పులు జరిపారు. చాలామంది సభ్యత్వం రద్దు చేసుకున్నారు. అక్టోబరులో అధిపతి హిల్మార్ పీటర్సన్ క్షమాపణ లేఖ రాశారు. అదే నెలలో కంపెనీ ఐదింట ఒక వంతు ఉద్యోగులను తీసేసింది. ఏం చేస్తున్నారో చూద్దామంటే చూడొచ్చు, కానీ అది కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో డేటా చెప్పదు. వెళ్లకముందు వాళ్లే చెబుతారు, వింటే.

ఒక్క వాక్యంతో కొంప ముంచుకున్న సందర్భాల గురించి ఎక్కువ చెప్పను, అవి అందరికీ తెలిసినవే. స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్ పాత్రను పొందడానికి అన్ని గంటలు ఆడాలా అని 2017 నవంబరులో అడిగితే, సాధించిన గర్వం కలగాలనే అలా పెట్టామని ఆ గేమ్ పబ్లిషర్ ఈఏ జవాబిచ్చింది. ఆ జవాబుకు రెడ్డిట్‌లో 6 లక్షల 60 వేలకు పైగా డౌన్‌వోట్లు పడ్డాయి, గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. తర్వాత వేడర్ ధర 60,000 క్రెడిట్ల నుంచి 15,000కు తగ్గించారు. కథా భాగం పూర్తిచేస్తే వచ్చే బహుమతిని కూడా 20,000 నుంచి 5,000కు కోసేశారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ పాత రూపాల సర్వర్లు కావాలని అడిగిన అభిమానికి 2013లో బ్లిజర్డ్ ప్రతినిధి ఒకరు, మీకు కావాలనిపిస్తుంది గానీ నిజంగా వద్దు అని వేదిక మీదే చెప్పారు. ఆరేళ్లకు, 2019 ఆగస్టులో, అదే కంపెనీ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ విడుదల చేస్తే జనం క్యూలు కట్టారు. ఈ జవాబులు చెప్పినవాళ్లు దుర్మార్గులేం కారు. ఎదుటివాడి అనుభవం గురించి ఎదుటివాడికే చెప్పబోయారు, అంతే.

కోపానికి ఇంకో ముఖం ఉంది, దాని గురించి ఆటగాళ్లం మాట్లాడుకోవడం తక్కువ. 2010 జూలైలో బ్లిజర్డ్, తన వెబ్‌సైట్ చర్చావేదికల్లో అందరూ అసలు పేర్లతోనే రాయాలని ప్రకటించింది. అందులో ప్రమాదమేమీ లేదని చూపించడానికి ఒక ఉద్యోగి తన అసలు పేరు పెట్టారు. కాసేపట్లోనే ఆయన వ్యక్తిగత వివరాలన్నీ జనం తవ్వి తీశారు. మూడు రోజుల్లో ఆ ఆలోచన అటకెక్కింది. కాలం మారినా ఇది తగ్గలేదు. తమ ఉద్యోగినీ కుటుంబాన్నీ వేధించిన ఒక ఆటగాడి మీద బంగీ కోర్టుకెక్కింది. 2023లో దాదాపు 4 లక్షల 89 వేల డాలర్ల పరిహారం తీర్పు వచ్చింది. డిజైనర్లు సొంత పేరుతో మాట్లాడటం మానేసి, అంతా కంపెనీ లోగో వెనక నుంచి నీరసమైన భాషలో వస్తోందంటే, అందులో మన చెయ్యి కూడా ఉంది.

మరి బాగా మాట్లాడినవాళ్లు లేరా? ఉన్నారు, అది కూడా చావుతప్పి కన్ను లొట్టపోయిన స్థితి నుంచి. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ మొదట 2010లో వచ్చి ఘోరంగా విఫలమైంది. ఆ ఏడాది చివర్లో పగ్గాలు నవోకి యోషిదా చేతికొచ్చాయి. పాతదాన్ని నడుపుతూనే కొత్తగా మొత్తం మళ్లీ కట్టి, 2013 ఆగస్టులో విడుదల చేశారు. ఆ దారంతా ఆయన నిర్మాత లేఖలు రాస్తూ, గంటల తరబడి లైవ్‌లో కూర్చుని ప్రశ్నలకు జవాబిస్తూ వచ్చారు. కుదరదంటే కుదరదని చెప్పారు, ఎందుకు కుదరదో కూడా చెప్పారు.

ఆ అలవాటు విలువ 2021 డిసెంబరులో తెలిసింది. ఎండ్‌వాకర్ అనే కొత్త భాగం వచ్చినప్పుడు జనం ఎగబడి, లాగిన్ క్యూలో గంటలు గడిచాయి, మధ్యలో 2002 అనే ఎర్రర్ కొట్టి బయటికి గెంటేది. ఎదురుచూసేవాళ్ల సంఖ్య ఒక్కో డేటా సెంటర్‌లో 17,000 దాటితే ఆ ఎర్రర్ వస్తోందని, చిప్‌ల కొరత వల్ల కొత్త సర్వర్లు కొందామన్నా దొరకడం లేదని యోషిదా వివరంగా రాశారు. మొత్తం 21 రోజుల ఆట సమయం ఉచితంగా ఇచ్చారు. ఆపైన చేసిన పని ఇంకా అరుదైనది: గేమ్ అమ్మకాలే కొన్ని వారాలు ఆపేశారు. క్యూ వెంటనే తగ్గలేదు, ఎర్రర్ వెంటనే పోలేదు. అయినా కోపం సర్వర్ల మీదే ఉండిపోయింది, మనుషుల మీదికి పోలేదు. ఎందుకంటే ఆ మాటల వెనక కంపెనీకి నష్టం కలిగించే పని ఒకటి కనిపించింది.

ఇదంతా ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకుండా ఏర్పాట్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. సీసీపీలోనే ఒక ఉద్యోగి తనవాళ్లకు గేమ్‌లో అడ్డదారిన విలువైన వస్తువులు ఇచ్చుకున్నాడని 2007లో బయటపడ్డాక, నమ్మకం నిలబెట్టుకోవడానికి ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకునే మండలిని పెట్టారు. 2008లో మొదటి ఎన్నిక జరిగింది. సభ్యులు రహస్య ఒప్పందం మీద సంతకం చేసి, రేక్యావిక్ వెళ్లి, రాబోయే మార్పులను ముందే చూసి అభ్యంతరాలు చెబుతారు. 2011 గొడవలో అత్యవసరంగా పిలిచింది కూడా వాళ్లనే. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే గేమ్ ఇంకో అడుగు ముందుకేసింది. అది పుట్టిందే 2013లో దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లతో. ఆ తర్వాత ఏ పెద్ద మార్పయినా గేమ్‌లోనే ఓటింగుకు పెట్టి, 75 శాతం ఒప్పుకుంటేనే చేస్తామని మొదట్లో అన్నారు. దానికీ ఖరీదుంది. 2019లో వార్డింగ్ అనే కొత్త నైపుణ్యం కోసం బృందం ఎంతో పని చేస్తే, మూడింట రెండొంతుల మంది కావాలన్నా అది ఓడిపోయింది. నాకైతే ఆ ఓటమి నచ్చింది. కాదంటే నిజంగానే కాకుండా పోతుందని ఆటగాళ్లకు తెలిశాకే "మీ అభిప్రాయం చెప్పండి" అనే మాటకు అర్థం వస్తుంది.

హలో గేమ్స్ మాత్రం వేరే దారి పట్టింది. 2016 నవంబరు నుంచి ఉచిత అప్‌డేట్లు ఒకటొకటిగా వదులుతూ పోయింది. 2018 జూలైలో, ఆటగాళ్లు ఒకరికొకరు కనిపించి కలిసి ఆడే అసలైన మల్టీప్లేయర్ వచ్చింది. ఏళ్లు గడిచాక స్టీమ్‌లో మొత్తం రివ్యూలు పాజిటివ్ వైపు తిరిగాయి. పద్ధతి ఒకటే: ముందు పని పూర్తిచేయడం, విడుదలకు సిద్ధమయ్యాకే నోరు తెరవడం. ఒకప్పుడు అడిగిన ప్రతిదానికీ అవునన్న షాన్ మర్రీ ఇప్పుడు అప్‌డేట్ దగ్గరపడితే ఒక ఎమోజీ పోస్ట్ చేసి ఊరుకుంటారు. మాట ఒక్కటి కూడా ఉండదు. ఆ బొమ్మకు అర్థమేమిటో తేల్చడానికి ఆటగాళ్లు రాత్రంతా కూర్చుంటారు.